ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు? – విద్యార్థి వ్యాసములలో ఆధారముల సూచనపై ఒక విమర్శ

కొత్తపేట ప్రాంతము నుండి వచ్చి చదువుకొనుచున్న ఒక విద్యార్థి ఒకే సెమిస్టరులో రెండు వ్యాసములు నా చేతికి ఇచ్చాడు. ఒకటి సంఘ చరిత్ర పాఠము కొరకు వ్రాసినది. సర్ ఆర్థర్ కాటన్ గారి విశ్వాస జీవితమును, గోదావరి డెల్టాకు ఆయన చేసిన సేవను గూర్చినది. రెండవది విశ్వాస సమర్థన పాఠము కొరకు వ్రాసినది, పరిణామవాదమునకు జవాబు. మొదటి వ్యాసములో ఏడు పాదసూచికలు ఉన్నాయి. రెండవ దానిలో చార్లెస్ డార్విన్ మరణశయ్యపై తన సిద్ధాంతమును విడిచిపెట్టి క్రీస్తును అంగీకరించాడని ఒక పేరా నిండా ఉంది గాని, దాని క్రింద ఒక్క సూచిక కూడా లేదు. పిలిచి అడిగాను. "అయ్యగారూ, అది అందరికీ తెలిసిన సంగతే కదండీ" అన్నాడు.

అందరికీ తెలిసిన సంగతే. రాజోలు దగ్గర ఒక యౌవనుల కూడికలో చాలా సంవత్సరముల క్రితము నేను కూడా ఆ సంగతిని చెప్పాను. ఎవరి దగ్గర విన్నానో అప్పుడు నేనూ చెప్పలేదు. కనుక ఈ విమర్శ విద్యార్థుల మీద మాత్రమే కాదని పాఠకులు మొదటనే గ్రహించాలి.

ఆ విద్యార్థికి తెలియని సంగతి ఒకటి ఉంది. అతని రెండు వ్యాసములూ చివరకు ఒకే వ్యక్తి మాట మీద ఆధారపడి ఉన్నాయి. కాటన్ గారి విశ్వాసమును గూర్చి అతడు వ్రాసిన దానిలో చాలా భాగము 1900లో వెలువడిన ఆయన జీవిత చరిత్ర నుండి వచ్చినది. దానిని వ్రాసినది ఆయన కుమార్తె. 1842లో టాస్మేనియాలో పుట్టిన ఎలిజబెత్ రీడ్ కాటన్ 1877లో అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్ ను వివాహము చేసుకొని, అప్పటి నుండి లేడీ హోప్ అనే పేరుతో ప్రసిద్ధి పొందారు. మద్యపాన నిషేధ ప్రచారములోను, సువార్త పనిలోను పేరున్న స్త్రీ. డార్విన్ కథను లోకమునకు చెప్పినది కూడా ఈమెయే. అమెరికాలోని నార్త్ ఫీల్డ్ కూడికలలో ఆమె చెప్పిన ఆ కథ 1915 ఆగస్టులో బాస్టన్ లోని వాచ్ మన్ ఎగ్జామినర్ అనే బాప్టిస్టు వారపత్రికలో అచ్చయినది. డార్విన్ చనిపోయినది 1882 ఏప్రిల్ 19న. అంటే ముప్పది మూడేండ్ల తరువాత.

ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన వాని కుమార్తె చెప్పిన కథ ఇంగ్లండు నుండి అమెరికాకు వెళ్ళి, ఎన్నో నోళ్ళు మారి, కోనసీమ ప్రసంగ వేదికల మీదికి వచ్చినది. మనకు ఆ కథ తెలుసు, ఆ కుటుంబము తెలుసు. రెండింటికీ సంబంధము ఉన్నదని మాత్రము తెలియలేదు. ఒక్క పాదసూచిక అక్కడ ఉండి ఉంటే తెలిసేది.

పత్రికలో అచ్చయిన ఆ కథనమును ఇప్పుడు తీసి చదివితే మరొక ఆశ్చర్యము ఎదురవుతుంది. అందులో మరణశయ్య లేదు. శరత్కాలములో ఒక మధ్యాహ్నము తాను డార్విన్ ను చూడబోగా, ఆయన పడకపై ఉండి హెబ్రీ పత్రిక చదువుచున్నాడనియు, యౌవనములో తాను వెలిబుచ్చిన తలంపులను జనులు ఒక మతముగా చేసుకొన్నారని విచారపడ్డాడనియు, తోటలోని చిన్న యింటిలో తన పనివారికి క్రీస్తును గూర్చి చెప్పమని అడిగాడనియు ఆమె చెప్పారు. సిద్ధాంతమును విడిచిపెట్టాడని గాని, చనిపోవుచుండగా మారుమనస్సు పొందాడని గాని ఆమె కథలో స్పష్టముగా లేదు. శరత్కాలములో జరిగిన భేటీ ఏప్రిల్ మరణమునకు మరణశయ్య ఎలా అవుతుంది? ఆ భాగములు దారిలో కలిసినవి. చెప్పినవారందరు తలా ఒక మాట చేర్చారు. నేను చెప్పిన రోజున నేనూ ఒకటి చేర్చాననే అనుమానము నాకు ఉంది.

ఇక ఆ కథ సత్యమేనా? డార్విన్ కుమార్తె హెన్రియెట్టా లిచ్ ఫీల్డ్ 1922లో లండనులోని ది క్రిస్టియన్ అనే పత్రికకు వ్రాస్తూ, తండ్రి చనిపోయినప్పుడు తాను అక్కడే ఉన్నాననియు, ఆయన చివరి వ్యాధిలో గాని మరే వ్యాధిలో గాని లేడీ హోప్ అక్కడ లేరనియు, తన తండ్రి ఏ శాస్త్ర సిద్ధాంతమును వెనుకకు తీసుకోలేదనియు ఖండించారు. డార్విన్ తానే 1879లో జాన్ ఫోర్డైస్ అనే వ్యక్తికి వ్రాసిన లేఖలో, తాను నాస్తికుడను ఎన్నడూ కాననీ, అజ్ఞేయవాది అనే పేరు తనకు ఎక్కువగా తగుతుందనీ చెప్పుకొన్నాడు. చరిత్రకారుడు జేమ్స్ మూర్ 1994లో ఈ విషయముపైనే ఒక గ్రంథము ప్రచురించాడు. 1881 శరత్కాలములో లేడీ హోప్ డార్విన్ ను ఒకసారి కలిసి ఉండవచ్చునని ఆయన ఒప్పుకొంటాడు, మారుమనస్సు కథను మాత్రము ఒప్పుకోడు. ఇవన్నీ ఇంగ్లీషు చదువగల ఏ విద్యార్థికైనా అందుబాటులో ఉన్న సంగతులు.

అయితే ఏమి, కథ మంచిదే కదా, కొందరైనా ఆలోచిస్తారు కదా అని ఒక దైవజనుడు నాతో అన్నారు. అమలాపురములో డిగ్రీ చదువుచున్న ఒక పిల్లవాడు ఆదివారము ఈ కథ విని, సోమవారము కళాశాలలో స్నేహితులతో చెప్తాడు. వారిలో ఒకడు ఫోను తీసి రెండు నిమిషములలో డార్విన్ కుమార్తె వ్రాసినది చూపిస్తాడు. ఆ పిల్లవాడు ఆ రోజు పోగొట్టుకొనేది డార్విన్ కథను మాత్రమేనా? అదే వేదిక మీద, అదే స్వరముతో, అదే దైవజనుడు ఖాళీ సమాధిని గూర్చి కూడా చెప్పాడు. ఇది అబద్ధమైతే అది మాత్రము నిజమని నమ్మడము ఎలాగని అతడు అడిగితే, మన దగ్గర ఉన్న జవాబు ఏమిటి?

పౌలుకు ఈ ప్రశ్న తెలుసు. మొదటి కొరింథీ పత్రిక పదిహేనవ అధ్యాయము మొదటి వచనములను మనము సాధారణముగా సిద్ధాంతము కొరకు చదువుతాము. ఒకసారి వ్యాసములు దిద్దే ఉపాధ్యాయుని కండ్లతో చదివితే అక్కడ కనబడేది ఆధారముల పట్టిక. తాను చెప్పేది తన సొంతము కాదు, తనకు అప్పగింపబడినది అని మొదట ఒప్పుకొంటాడు. తరువాత కేఫా, పన్నెండుగురు, ఐదు వందలకు పైగా సహోదరులు, యాకోబు, అపొస్తలులందరు, చివరకు తాను అని వరుసగా సాక్షులను పేర్కొంటాడు. ఆ ఐదు వందల మందిలో ఎక్కువమంది ఇంకా బ్రదికే ఉన్నారనీ, కొందరు మాత్రము నిద్రించారనీ చేర్చుతాడు. ఆ చిన్న వాక్యము ఎందుకు? కావలసినవారు వెళ్ళి అడుగవచ్చును అనుటకే గదా. అదే అధ్యాయము పదిహేనవ వచనములో, క్రీస్తు లేవకపోతే మేము దేవుని విషయమై అబద్ధసాక్షులముగా అగపడుదుము అనే భావము వ్రాస్తాడు. దేవుని పక్షముగా చెప్పినంత మాత్రమున అబద్ధసాక్ష్యము సత్యసాక్ష్యము కాదని ఆయన ఎరుగును.

మూల గ్రంథములే వేరే దారి చూపిస్తున్నాయని విద్యార్థులు కొన్నిసార్లు వాదిస్తారు. వాదన తెలివైనదే. హెబ్రీ పత్రిక రెండవ అధ్యాయము ఆరవ వచనములో గ్రంథకర్త ఎనిమిదవ కీర్తనను ఎత్తి చూపుతూ, ఎవరో ఒకచోట చెప్పినట్టుగా మాత్రమే పరిచయము చేస్తాడు. మార్కు సువార్త ఆరంభములో యెషయా పేరు చెప్పి, మొదట ఇచ్చినది మలాకీ మూడవ అధ్యాయపు మాట. మత్తయి 27వ అధ్యాయములో యిర్మీయా పేరు ఉండగా, మాటలు ఎక్కువగా జెకర్యా పదకొండవ అధ్యాయమును పోలి ఉన్నాయి. ఇవన్నీ ఉండగా మమ్మును పేజీ సంఖ్య ఎందుకు అడుగుతారు అని వారి ప్రశ్న.

వారు మరచిన సంగతి ఏమనగా, ఆ గ్రంథకర్తల చేతిలో ఉన్నవి చుట్టలు. చుట్టకు పేజీ సంఖ్య లేదు. అధ్యాయ విభజన పదమూడవ శతాబ్దపు ఆరంభములో స్టీఫెన్ లాంగ్టన్ పేరుతో స్థిరపడినది. క్రొత్త నిబంధన వచన సంఖ్యలు రాబర్ట్ ఎస్టియెన్ 1551లో ముద్రించిన ప్రతితో వచ్చాయి. అధ్యాయము, వచనము లేని కాలములో ప్రవక్త పేరు చెప్పడమే పూర్తి సూచిక. హెబ్రీ పత్రిక చదివినవారికి ఆ కీర్తన కంఠస్థము. మనము 1551 తరువాత పుట్టినవారము. పైగా అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో పౌలు ఏథెన్సులో అరాటస్ అనే గ్రీకు కవి మాటను వాడినప్పుడు, అది తన మాట అన్నట్లు చెప్పలేదు. మీ కవీశ్వరులలో కొందరు చెప్పారని ఆ కవి జాతికి ఆ కీర్తిని ఇచ్చాడు. అన్యుని పంక్తికి ఇచ్చిన ఆ గౌరవము మన సహోదరుని ప్రసంగ పుస్తకమునకు మనము ఇవ్వడము లేదు. ఒకరి యొద్ద నుండి ఒకరు మాటలు దొంగిలించే ప్రవక్తలకు తాను విరోధినని యెహోవా పలికినట్లు యిర్మీయా 23:30లో ఉంది. ఆ వచనము మీద నేను విన్న ప్రసంగము ఒకటి మరొకరి పుస్తకము నుండి అక్షరము పొల్లుపోకుండా తీసుకొన్నది.

ఇప్పుడు మొదటి వ్యాసమునకు, ఏడు పాదసూచికలు ఉన్న దానికి తిరిగి వద్దాము. సూచికలు ఉన్నాయి కనుక అది మంచిదని అనుకోవచ్చును. నాకు అదే ఎక్కువ బాధ కలిగించినది. అందులో ఒక సూచిక జార్జ్ వాల్ష్ వ్రాసిన గోదావరి డెల్టా ఇంజనీరింగు పనుల గ్రంథమును చూపుతుంది. ఆనకట్టను గూర్చి, కాలువలను గూర్చి వ్రాసేవారికి అది ముఖ్యమైన ఆధారము. ప్రచురణ 1896. విద్యార్థి సూచికలో 1869 అని ఉన్నది. మన ప్రాంతములో దొరికే ఒక చిన్న తెలుగు పుస్తకములోనూ 1869 అనియే అచ్చుతప్పు ఉన్నది. అంటే అతడు వాల్ష్ ను చూడలేదు, ఆ చిన్న పుస్తకమును చూసి దాని సూచికను తన సూచికగా దించుకొన్నాడు. ఎఫ్. ఆర్. హెమింగ్ వే 1907లో కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరు విషయములోనూ అదే జరిగినది.

ఇది డార్విన్ కథ కంటె చిన్న తప్పుగా కనబడుతుంది. నా దృష్టికి పెద్దది. సూచిక లేని మాటను పాఠకుడు అనుమానించవచ్చును. చూడని గ్రంథమును చూపే సూచిక ఆ అనుమానమును కూడా దొంగిలిస్తుంది. చేయవలసినది చాలా సులభము: చేతితో పట్టుకొన్న పుస్తకమునే చూపాలి. ఆ చిన్న పుస్తకము పేరు, పేజీ ఇచ్చి, అందులో వాల్ష్ మాట ఉదహరింపబడినదని వ్రాస్తే చాలు. వాల్ష్ ను చదివినవాడు అనే పేరు పోతుంది, నిజమే. అబద్ధసాక్షి అనే పేరు కూడా పోతుంది. ఈ మధ్య మరొక రకము వచ్చినది. యంత్రము చేత వ్రాయించిన వ్యాసములలో అసలు లేని పుస్తకములకు ప్రచురణకర్త, సంవత్సరము, పేజీ సంఖ్య అన్నీ ముచ్చటగా ఉంటాయి. వాటిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. గ్రంథాలయములో వెదికితే తేలిపోతుంది.

లేడీ హోప్ గ్రంథము మాటేమిటి? డార్విన్ కథ తేలిపోయినది గనుక కాటన్ గారి జీవిత చరిత్రను కూడా అవతల పారవేయాలా? అక్కరలేదు. అందులో కాటన్ గారి లేఖలు, వ్రాతలు ఉన్నాయి, కరవు నివారణపై విలియం డిగ్బీ వ్రాసిన భాగము ఉన్నది. తండ్రి చనిపోయిన మరుసటి సంవత్సరమే ఒక కుమార్తె ప్రేమతో కూర్చిన గ్రంథము అది. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తి అయినదని చెప్పడానికి వాల్ష్ చాలు. ఆయన ప్రార్థనా జీవితమును గూర్చి చెప్పవలసి వస్తే లేడీ హోప్ దగ్గరకే వెళ్ళాలి, వెళ్ళామని చెప్పాలి, ఆమె కుమార్తె అని కూడా చెప్పాలి. అప్పుడు పాఠకుడు తూకము వేసుకొంటాడు. ఆ తూకమును పాఠకుని చేతికి ఇవ్వడమే సూచిక చేసే పని. ఉపాధ్యాయులమైన మేము కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అని మార్కులు తీసివేస్తూ, ఈ మాటను ఎన్నడూ తరగతిలో చెప్పలేదు.

కాటన్ వ్యాసములన్నిటిలో తప్పక వచ్చే మరొక సంగతి స్నాన సంకల్పము. గోదావరిలో స్నానము చేసేటప్పుడు పురోహితులు కాటన్ దొరను భగీరథునితో పోల్చి ఒక సంస్కృత శ్లోకములో స్మరిస్తారని అందరూ వ్రాస్తారు. మన విద్యార్థి మరొక అడుగు వేసి "బ్రాహ్మణులందరు ప్రతిదినము" అని వ్రాశాడు. ఎవరు చెప్పగా విన్నావు అంటే జవాబు లేదు. నోటిమాటకు సూచిక ఉండదని మన వారి అభిప్రాయము. ఎందుకు ఉండదు? ముక్తేశ్వరము రేవుకు వెళ్ళి ఒక పురోహితుని మర్యాదగా అడిగి, ఆయన అనుమతితో పేరు, వయస్సు, ఊరు, తేదీ వ్రాసుకొంటే అది సూచిక. ఆయన ఆ శ్లోకము మాకు అలవాటు లేదంటే అదీ సూచికయే. కోనసీమ సంఘముల చరిత్ర పుస్తకములలో కంటె పెద్దల జ్ఞాపకములలోనే ఎక్కువగా ఉన్నది. మన అవ్వలు, తాతలు వెళ్ళిపోవుచున్నారు. ఐదు వందల మందిలో కొందరు నిద్రించారు.

నోటిమాట సంగతి ఇలా ఉండగా, అచ్చులో ఉన్న మాటను మార్చివేయడము మరొక అలవాటు. ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో మన దేశమునకు వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ గార్ల పరిచర్యను గూర్చి రాజోలు వైపు విద్యార్థులు ఇష్టముగా వ్రాస్తారు. ఇ. బి. బ్రోమ్లీ 1937లో ప్రచురించిన శతవార్షిక గ్రంథమే దాదాపు అన్నిటికీ మూలము, పేరు మాత్రము అరుదుగా కనబడుతుంది. పాత గ్రంథములలో గోదావరి జిల్లా అని ఉన్న చోట తూర్పు గోదావరి జిల్లా అని దిద్దుతారు. ఆ ఇద్దరు పని చేసిన నరసాపురము, పాలకొల్లు వశిష్ఠకు ఆవలి ఒడ్డున ఉన్నాయి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు అవి దానిలో చేరాయి. మన ఒడ్డు 2022లో కోనసీమ జిల్లా అయినది. మూలములో ఉన్న పేరును ఉన్నట్టే వ్రాసి, నేటి పేరును ప్రక్కన వివరణగా చెప్పాలి.

పేర్ల విషయములో తప్పు విద్యార్థులది కాదు, మనము దిగుమతి చేసుకొన్న పద్ధతిది. మన సెమినరీలలో చాలా వాటికి కేట్ టురాబియన్ 1937లో మొదట వెలువరించిన చేతిపుస్తకమే ప్రమాణము. గ్రంథముల పట్టికలో ఇంటిపేరు ముందు వ్రాసి, కామా పెట్టి, అసలు పేరు తరువాత వ్రాయుమని అది చెప్తుంది. అమెరికావారికి ఇంటిపేరు చివర ఉంటుంది గనుక వారు తిరగవేయాలి. తెలుగువారికి అది మొదటనే ఉన్నది. అయినను మన విద్యార్థి "భీమన్న, బోయి" అని వ్రాస్తాడు. మామిడికుదురులో పుట్టిన మహాకవిని, కోనసీమ బిడ్డ, కోనసీమ వ్యాసములో, తలక్రిందులు చేస్తాడు. గుఱ్ఱం జాషువ గారు "జాషువ, గుఱ్ఱం" అవుతారు. బోయి భీమన్న, గుఱ్ఱం జాషువ అని కామా లేకుండా వ్రాసి, బ, గ అక్షరముల క్రింద చేర్చితే చాలు. ఈ మాట మా అధ్యాపకుల సమావేశములో చెప్పాను. నియమము నియమమే అన్నారు. అది ఎవరి పేర్ల కొరకు వ్రాసిన నియమమో ఎవరూ అడుగలేదు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరిచి చూడండి. రాగము, తాళము, రచయిత పేరు కీర్తనతోనే ఉంటాయి. పురుషోత్తమ చౌధరి గారి పేరు ఆ పుస్తకము వలననే ఇంతమందికి తెలిసినది. పాటలో నేర్చుకొన్న ఈ మర్యాద వ్యాసములోకి రావడానికి అమెరికా చేతిపుస్తకము అవసరము లేదు.

పరిశుద్ధ గ్రంథపు సూచికలలో ఒక చిక్కు ఉన్నది గనుక చెప్పి ముగిస్తాను. కొన్ని వ్యాఖ్యాన గ్రంథములు హెబ్రీ ప్రతి సంఖ్యలను అనుసరిస్తాయి. హెబ్రీలో కీర్తన శీర్షికలను కూడా వచనములుగా లెక్కించడము వలన, మన 51వ కీర్తన మొదటి వచనము అక్కడ మూడవది. మలాకీకి మనకు నాలుగు అధ్యాయములు, అక్కడ మూడే. యోవేలుకు మనకు మూడు, అక్కడ నాలుగు. వ్యాఖ్యానము నుండి సంఖ్యను దించుకొని తెలుగు బైబిలు తెరిచి చూడని విద్యార్థి, తాను చెప్పిన దానికి సంబంధము లేని వచనమును చూపుతాడు. ఇప్పుడు తెలుగులో ఒకటి కంటె ఎక్కువ అనువాదములు ఉన్నాయి గనుక ఏ అనువాదమో కూడా మొదటి సూచికలోనే చెప్పాలి.

ఆ విద్యార్థి రెండు వ్యాసములూ తిరిగి వ్రాసి ఇచ్చాడు. కాటన్ వ్యాసములో ఏడు సూచికలు మూడు అయ్యాయి. మూడూ అతడు చదివిన పుస్తకములే. శ్లోకము దగ్గర ఒక పురోహితుని మాట, తేదీతో సహా ఉన్నది. డార్విన్ పేరాను తీసివేయలేదు. ఆ కథ ఎక్కడ పుట్టి ఎలా వ్యాపించినదో వ్రాసి, మన సమర్థనకు దాని అవసరము లేదని చేర్చాడు. వెనుకటి దాని కంటె ఎక్కువ మార్కులు వేశాను.

నేనును రాజోలు వైపు వెళ్ళినప్పుడు, ఆ పాత కూడికలో చెప్పిన సంగతి సరికాదని సంఘము ఎదుట చెప్పాను. ఆనాటి యౌవనులు ఇప్పుడు పిల్లల తండ్రులు. ఆరాధన అయిన తరువాత ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి, "అయితే అయ్యగారూ, కాటన్ దొర కథ కూడా తూచేనాండీ?" అని అడిగారు. ఆనకట్ట ఉన్నది కదండీ అన్నాను. "ఆనకట్ట సంగతి నాకు తెలుసండి, మోకరించేవాడని చెప్తారే, దాని సంగతి" అన్నారు. అది ఆయన కూతురు చెప్పిన మాట అని చెప్పి, ఆమె ఎవరో అక్కడే నిలబడి మొదటి నుండి చెప్పవలసి వచ్చినది.